వేప చేదు ఎవరిది?

వేప గురించి మన ఊళ్లలో ఎవరికీ కొత్తగా చెప్పాల్సింది లేదు. పొద్దున్నే పుల్ల విరిచి పళ్లు తోముకుంటాం. అమ్మవారు పోసినప్పుడు పిల్లల పక్కన రెమ్మలు పరుస్తాం. గాదెలో గింజలకు పురుగు పట్టకుండా ఎండాకు వేస్తాం. వానలు మొదలయ్యే ముందు రాలిన పండ్లు ఏరి, గుజ్జు కడిగి, గింజలు ఎండబెట్టి సంతలో అమ్ముకుంటాం. ఇంత తెలిసిన చెట్టు గురించి ఒక్క ప్రశ్న మాత్రం మనం గట్టిగా వేసుకోలేదు. ఆ చెట్టులో ఉన్న మందు ఎవరిది?

ఇది పనిలేక వేసుకునే ప్రశ్న కాదు. ఈ చెట్టు కోసం ఒక కంపెనీకీ ఉద్యమకారులకూ మధ్య యూరప్‌లో పదేళ్లు వాదనలు నడిచాయి. శాస్త్రవేత్తలు చెట్టు లోపలి అక్షరాలన్నీ చదివేశారు. మనం మాత్రం ఇంకా కిలోల లెక్కన గింజలు తూకం వేయించుకుంటున్నాం. మాకు వినిపించే జవాబులు మూడు. గింజలోంచి మందు తీసే తెలివి ఎవరికుంటే వాళ్లది అనేది ఒకటి. అది ఎవరిదీ కాదు, ప్రకృతిది అనేది రెండోది. అది మాది, మా తాతముత్తాతలది అనేది మూడోది. మూడో మాటకు మన సభల్లో చప్పట్లు పడతాయి. అయినా ఆ మాటను కూడా ఒకసారి నిలబెట్టి అడగాలని ఈ వ్యాసం.

ముందు ఆ అక్షరాల సంగతి. మన కోయ గట్ల వేల్పులకు పడిగెలు ఉంటాయి. మూడు కొనల బట్ట మీద బొమ్మలు కుట్టి ఉంటాయి. తెలియనివాళ్లకు అవి బొమ్మలే. డోలీలు దాన్ని విప్పి, డోలు పట్టుకుని పాడితే అందులోంచి ఆ గట్టు పుట్టుక, నడిచి వచ్చిన దారి, దాటిన ఏళ్లు, ఇచ్చిపుచ్చుకున్న సంబంధాలు వరుసగా బయటికొస్తాయి. 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య గారు అలా పాడగలిగిన పెద్ద. ప్రతి జీవి లోపలా అలాంటి పడిగె ఒకటి ఉంది. దాని పేరు జీనోమ్. అది బట్ట మీద కాక డీఎన్‌ఏ అనే సన్నని పోగు మీద ఉంటుంది. నాలుగే నాలుగు అక్షరాలు, వాటినే అటూ ఇటూ పేర్చి రాసిన రాత. తల్లి నుంచి పిల్లకు ఆ రాత దిగేటప్పుడు అక్కడక్కడ ఒక అక్షరం మారుతుంది. మారినది బతుక్కి అడ్డం కాకపోతే నిలుస్తుంది, పనికొస్తే విస్తరిస్తుంది. కోట్ల ఏళ్లుగా అలా నిలిచిన మార్పులన్నీ ఆ పోగు మీదే ఉన్నాయి. జీవపరిణామం అంటే పదో తరగతి పుస్తకంలో ఒక పాఠం అనుకుంటాం కానీ, అది వేపాకు ఒక్కొక్క కణంలో మడతపెట్టి ఉన్న వంశ చరిత్ర.

వేప జీనోమ్‌ను మొదట చదివింది మన దేశంలోనే. బెంగళూరులోని గణిత్ ల్యాబ్స్ శాస్త్రవేత్తలు చదివి 2012లో ప్రకటించారు. మొత్తం సుమారు 36 కోట్ల 40 లక్షల అక్షరాలు అని లెక్కగట్టారు. పాఠ్యపుస్తకం పేజీకి 2 వేల అక్షరాలు అనుకుంటే లక్షా 82 వేల పేజీలు. అందులో ప్రొటీన్లు తయారుచేసే జన్యువులు దాదాపు 20 వేలు. మన మనుషుల్లో కూడా ఇంచుమించు అన్నే ఉంటాయి. పిల్లలకు ఈ మాట చెబితే మొదట నమ్మరు. తరగతిలో ఒకడు కిటికీలోంచి చెట్టు వైపు చూసి, సార్, అది మనతో సమానమా అని అడుగుతాడు. సమానం అనే మాటకు అర్థం ఏమిటో ఆ తర్వాత గంటంతా మాట్లాడుకోవచ్చు.

పడిగె చదివితే మొదట తెలిసేది చుట్టరికం. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అని లెక్క చూసుకుని పెళ్లి చేసుకునే మన పిల్లలకు చెట్ల వంశవృక్షం బోర్డు మీద గీసి చెప్పడం చాలా తేలిక. వేపకు దగ్గరి దాయాది తురకవేప. మహాగని, మన అడవి సోమిడ అదే కుటుంబంలోవి. కాస్త దూరం వెళితే నిమ్మ, నారింజ, మారేడు, వెలగ. ఇంకాస్త దూరంలో మామిడి, మొర్రి, జీడి, కుంకుడు. ఇవన్నీ కలిసి ఒకే పెద్ద వంశం. శాస్త్రవేత్తలు ఆ వంశానికి సాపిండేలిస్ అని పేరు పెట్టారు. ఆ పేరు వచ్చింది మన కుంకుడు నుంచే. కుంకుడికి వాళ్లు పెట్టిన పేరుకు అర్థం భారతదేశపు సబ్బు. ఉగాది పచ్చడిలో వేపపువ్వు, మామిడికాయ ఒకే గిన్నెలో పడతాయి కదా, అవి రెండూ దూరపు చుట్టాలని కలిపినవాళ్లకు తెలియదు. మొర్రిపండ్లు ఏరుకుని తిన్న చెయ్యి, కుంకుడుకాయ కొట్టిన చెయ్యి, వేపపుల్ల విరిచిన చెయ్యి ఒకే ఇంటివాళ్లను ముట్టుకుంది.

రెండోది చేదు కథ. నారింజ గింజ పొరపాటున కొరికితే నోరంతా చేదవుతుంది. అది లిమోనిన్ అనే పదార్థం వల్ల. వేపగింజలో ఉన్న అజాడిరక్టిన్ కూడా అదే జాతి చేదు. ఈ రెండు చెట్ల వంశాలు విడిపోకముందే వాటి ఉమ్మడి పూర్వీకుల దగ్గర ఈ చేదుకు పునాది పడింది. విడిపోయాక ఒక్కో శాఖ దాన్ని తన తీరుగా మార్చుకుంటూ వచ్చింది. 2023లో బ్రిటన్‌లోని జాన్ ఇన్నెస్ సెంటర్, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు కలిసి తురకవేప, నారింజ జన్యువులను పోల్చి చూశారు. ఈ చేదు తయారీలో మొదటి మెట్లు ఏ ఎంజైముల పనో పట్టుకున్నారు. ఆ జన్యువులను పొగాకు జాతి మొక్క ఆకులోకి పంపితే ఆ ఆకు చేదు తొలి రూపాలను తయారుచేసింది. అజాడిరక్టిన్ దాకా ఇంకా పోలేదు, దారి మాత్రం తెరుచుకుంది. ఈ విషయం గుర్తుంచుకోండి, దీనితో మళ్లీ పని పడుతుంది.

ఇంతకీ చెట్టుకు ఈ చేదు ఎందుకు? 1959లో సూడాన్ దేశంలో మిడతల దండు పడి పచ్చనిదల్లా మేసేసింది, వేపచెట్లను మాత్రం వదిలేసింది. హైన్రిష్ ష్ముటరర్ అనే జర్మన్ కీటక శాస్త్రవేత్త అది చూసి వేప మీద పరిశోధనకు దిగాడు. 1962లో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ప్రధాన్, ఆయన సహచరులు వేపగింజల పప్పు నూరి నీళ్లలో కలిపి పైరు మీద చల్లితే మిడతలు ముట్టలేదని చూపించారు. అజాడిరక్టిన్ పురుగుకు తిండి మీద మనసు చంపేస్తుంది. ఎలాగో కొంత తిన్న పిల్లపురుగు కుబుసం విడవలేక చస్తుంది. ఇక పండు చూడండి. పైన గుజ్జు తియ్యగా ఉంటుంది. కాకి, గోరింక, గబ్బిలం అది తిని గింజను దూరంగా పడేస్తాయి. గింజ లోపలి పప్పులో మాత్రం చేదంతా కూడబెట్టి ఉంటుంది. మోసుకుపోయేవాళ్లకు గుజ్జు, దోచుకునేవాళ్లకు చేదు. చెట్టు కూర్చుని ఆలోచించి చేసిన ఏర్పాటు కాదిది. ఈ ఏర్పాటు కుదరని చెట్ల గింజలు మొలకెత్తలేదు, కుదిరినవి మొలకెత్తాయి. అంతే.

అంటే వేపలోని మందు మందుగా పుట్టలేదు. అది మన కోసం పుట్టలేదు. మన మనుషుల జాతి వయసు మహా అయితే 3 లక్షల ఏళ్లు. ఈ చేదు అంతకంటే ఎన్నో రెట్లు పాతది. దేవుడు మనకిచ్చాడు, అడవితల్లి మన కోసం పెంచింది అని పాటల్లో పాడుకోవడం వేరు, అది మన భక్తి. కానీ చెట్టుకు మన మీద అలాంటి దయ ఉందనుకుని వైద్యం చేస్తే ప్రాణాల మీదికి వస్తుంది. పసిపిల్లలకు వేపనూనె తాగిస్తే మెదడు వాచి, కాలేయం దెబ్బతిని పిల్లలు చనిపోయిన సంగతి 1981లోనే మలేషియా వైద్యులు రాశారు. ఈ మాట తల్లులకు చెప్పడం టీచర్లుగా మన బాధ్యత. చెట్టుకు మనం కూడా ఒక రకం పురుగులమే.

ఇక్కడే చదువుకున్న తమ్ముడో చెల్లెలో అడగవచ్చు. మందు మన కోసం పుట్టలేదు, మనకంటే పాతది, అలాంటప్పుడు మాది అనే మాట ఎలా నిలుస్తుంది? ఎవరికి దొరికితే వాళ్లు తీసుకుంటారు, తప్పేముంది?

బలమైన ప్రశ్నే ఇది. మేము ఇలా ఆలోచించాం. చేదు చెట్టుది. కానీ ఆ చేదులో ఏ పాలు మందు, ఏ పాలు విషం, ఏ నెలలో కోసిన ఆకు పనిచేస్తుంది, బెరడు ఎంత లోతు గీస్తే చెట్టు చావదు, గింజ ఎన్నాళ్లు ఎండాలి అనే తెలివిడి చెట్టుది కాదు. దాన్ని మనుషులు సంపాదించారు. ఎలా సంపాదించారు? ఎవరో ఒకరు మింగి చూశారు. కొందరు బతికారు, కొందరు పోయి ఉంటారు. బతికినవాళ్లు చెప్పినది నిలిచింది, నిలిచినదాన్ని తర్వాతి తరం మళ్లీ సరిచూసింది. జీనోమ్‌లో అక్షరాలు నిలిచినట్టే ఈ తెలివిడిలోనూ మాటలు నిలిచాయి. తేడా ఒక్కటే. చెట్టు రాతలో ఎవరి కష్టమూ లేదు. ఈ రాతలో మనుషుల కష్టం ఉంది, ప్రాణాలు ఉన్నాయి. కేంబ్రిడ్జిలో స్టీవెన్ లే అనే ఆచార్యుడి బృందం అజాడిరక్టిన్‌ను ప్రయోగశాలలో తయారుచేయడానికి 22 ఏళ్లు పట్టింది, 2007లో గెలిచారు. ఆ 22 ఏళ్లను లోకం గొప్పగా లెక్కపెట్టింది, లెక్కపెట్టాలి కూడా. మరి ఊళ్లలో గింజ నూరి, చల్లి, చూసి నేర్చుకున్న ఏళ్లను ఎవరు లెక్కపెట్టారు?

అయితే నిజాయితీగా మాట్లాడాలంటే వేప తెలివిడి మన ఆదివాసులది మాత్రమే అనడం కుదరదు. మైదానం రైతుకూ తెలుసు, ఆయుర్వేద వైద్యుడికీ, యునానీ హకీముకూ తెలుసు. ఇక్కడి నుంచి చెట్టు ఆఫ్రికా వెళ్లింది. అక్కడ స్వాహిలీ భాషలో దాన్ని మ్వరోబైని అంటారు, నలభై జబ్బుల చెట్టు అని. వాళ్లు కూడా తమ తీరుగా వాడి నేర్చుకున్నారు. మన తెలుగులో ఒక సౌకర్యం ఉంది. మాది అంటే ఎదుటివాడు బయట ఉంటాడు. మనది అంటే ఎదుటివాడు కూడా లోపలికి వస్తాడు. ఇంగ్లీషులో ఈ రెంటికీ ఒకటే మాట. అందుకేనేమో వాళ్ల చట్టాల్లో ఉంటే ఒకడి సొత్తు, లేకపోతే ఎవరిదీ కాని సొత్తు, ఈ రెండే ఎక్కువగా కనిపిస్తాయి. వేప విషయంలో మనం అనవలసింది మనది అనే మాటే. మనది అన్నంత మాత్రాన అది దిక్కులేనిది కాదు. ఊరి చెరువు మనదే, అలాగని ఎవరుపడితే వాళ్లు వచ్చి గండి కొట్టుకుపోతే ఊరుకుంటామా?

మనది అనే మాట పనిలో ఎలా ఉంటుందో మన దగ్గరే చూశాం. అప్పటి ఖమ్మం జిల్లా పాల్వంచ దగ్గరి పునుకుల గ్రామంలో పత్తి రైతులు పురుగుమందుల అప్పుల్లో, జబ్బుల్లో కూరుకుపోయారు. తర్వాత వేపగింజల కషాయం, ఇతర పద్ధతులు పట్టుకుని 2003లో తమది రసాయన పురుగుమందులు లేని ఊరని ప్రకటించుకున్నారు. మహిళా సంఘాలు గింజలు కొని, పొడి కొట్టించి అమ్మాయి. అందులో శాస్త్రవేత్తల సలహా ఉంది, అమ్మలక్కల చేతిపని ఉంది. ఎవరూ ఎవరికీ పేటెంట్ రుసుము కట్టలేదు.

మాది అని గట్టిగా అనవలసిన మొక్కలు వేరే ఉన్నాయి. కేరళ అగస్త్యకొండల్లో కాణి ఆదివాసులు ఉన్నారు. 1987లో తిరువనంతపురం దగ్గరి పాలోడు ఉద్యానవన పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఆ కొండ ఎక్కుతూ అలసిపోతే, దారి చూపే కాణి యువకులు మాత్రం ఒక చిన్న మొక్క కాయలు నములుతూ చకచకా నడిచారు. అది ఆరోగ్యపచ్చ. దాని నుంచి జీవని అనే మందు తయారైంది. 1995లో కోయంబత్తూరు కంపెనీకి లైసెన్సు ఇచ్చినప్పుడు 10 లక్షల రుసుము, అమ్మకాల మీద 2 శాతం రాయల్టీ, అందులో సగం కాణి ప్రజలకు అని నిర్ణయించారు. 1997లో వాళ్ల ట్రస్టు ఏర్పడింది. ప్రపంచంలో ఇలాంటి పంపకాల్లో ఇది మొదటి వరుసలోది అని పుస్తకాల్లో రాస్తారు. కానీ ఆ మొక్క వైద్యం తెలిసిన కొందరు కాణి పెద్దలు దీన్ని ఒప్పుకోలేదు. ఇది అమ్మే విద్య కాదు, చెప్పినవాళ్లకు అందరి తరఫున చెప్పే అధికారం లేదు అన్నారు. డబ్బు పంచడం మంచిదే. కానీ పంచే ముందు అడిగారా, ఎవరిని అడిగారు అనేది డబ్బుతో తీరే ప్రశ్న కాదు.

ఇప్పుడు వేప పేటెంట్ దగ్గరికి వద్దాం. వేపనూనెతో మొక్కల బూజు తెగుళ్లను ఆపే పద్ధతికి అమెరికా వ్యవసాయ శాఖకూ, డబ్ల్యూ.ఆర్. గ్రేస్ అనే కంపెనీకీ కలిపి 1994లో యూరోపియన్ పేటెంట్ ఆఫీసు పేటెంట్ ఇచ్చింది. వందనా శివ, యూరప్ పార్లమెంటు సభ్యురాలు మాగ్దా ఏల్‌వూట్, సేంద్రియ వ్యవసాయ ఉద్యమాల అంతర్జాతీయ సమాఖ్య కలిసి అడ్డుపడ్డారు. 2000 మే 10న మ్యూనిక్‌లో పేటెంట్ రద్దయింది. అప్పీలు కూడా 2005 మార్చి 8న కొట్టేశారు. మనం గెలిచాం అని పత్రికలు రాశాయి. గెలిచిన మాట నిజమే, గెలిచిన తీరు మాత్రం చూడాలి. అక్కడ విచారించింది ఈ పద్ధతి కొత్తదా, ఇందులో కనిపెట్టింది ఏమైనా ఉందా అని. ఇది ఎవరి కష్టం అని కాదు. ముందే ఇలాంటి నూనె తయారుచేసిన మన దేశపు తయారీదారు ఒకరి సాక్ష్యం అక్కడ బాగా పనిచేసింది. తరతరాల ఊరివాళ్ల వాడకం ఒక్కదాన్నే సాక్ష్యంగా పెడితే ఏమయ్యేదో ఆలోచించండి. అమెరికా చట్టంలో అయితే 2013 దాకా వేరే దేశంలో నోటి మాటగా, వాడకంగా ఉన్న తెలివిడి లెక్కలోకే రాదు. అచ్చయి ఉంటేనే లెక్క.

అచ్చు కాకపోతే లెక్క లేదు అనే ఈ పద్ధతి మన దేశంలోనూ ఉంది. మన ప్రభుత్వం 2001లో సాంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం మొదలుపెట్టింది. తప్పుడు పేటెంట్లను ఆపడంలో అది మంచి పని చేసింది. అందులోకి ఎక్కింది ఎక్కువగా ఆయుర్వేద, యునానీ, సిద్ధ గ్రంథాల్లో ఉన్నదే. మన పసరు వైద్యులకు గ్రంథం ఎక్కడుంది? 2002 జీవవైవిధ్య చట్టాన్ని 2023లో సవరించినప్పుడు గ్రంథాల్లో ఉన్న తెలివిడి వాడుకునేవాళ్లకు లాభం పంచే బాధ్యత తీసేశారు. అంటే ఒక వైపు రాయకపోతే రుజువు లేదు, ఇంకో వైపు రాస్తే పంపకం లేదు. 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్‌లో మాత్రం జీవవైవిధ్యానికి సంబంధించిన సాంప్రదాయ తెలివిడి మీద సమాజానికి ఉమ్మడి హక్కు ఉందని స్పష్టంగా ఉంది. పోడు పట్టాల కోసం ఆ చట్టాన్ని చదివిన మనం ఆ వాక్యం దగ్గర ఆగలేదు. పట్టా కడుపు నింపుతుంది కాబట్టి ముందు దాన్నే చదివాం, అందులో ఆశ్చర్యం లేదు.

జీనోమ్ చదవడంతో ఈ ప్రశ్న ఇంకో మలుపు తిరిగింది. పొగాకు జాతి ఆకు వేప వంశపు చేదు తయారుచేయడం మొదలుపెట్టిందని పైన చెప్పాం కదా. ఇదివరకు మందు కావాలంటే గింజ కావాలి, గింజ కోసం ఊరికి రావాలి, ఊరికి వస్తే మనిషి ముఖం చూడాలి. ఇప్పుడు అక్షరాలు కంప్యూటర్‌లో ఉన్నాయి, లోకంలో ఎవరైనా దింపుకోవచ్చు. రేపు పెద్ద తొట్టెల్లో ఈస్ట్‌తోనో, వేరే మొక్కతోనో ఈ పదార్థం తీస్తే ఊరికి వచ్చే అవసరమే ఉండదు. గింజలు ఏరే అమ్మకు వచ్చే ఆ నాలుగు రూపాయలూ పోవచ్చు. ఈ అక్షరాలు వాడి లాభపడే కంపెనీలు లాభంలో 1 శాతం గానీ అమ్మకాల ఆదాయంలో 0.1 శాతం గానీ ఇవ్వాలని, అందులో కనీసం సగం ఆదివాసులకు, స్థానిక సమాజాలకు చేరాలని 2024లో కొలంబియాలోని కాలీ నగరంలో దేశాలు ఒప్పుకున్నాయి. 2025 ఫిబ్రవరిలో కాలీ నిధి మొదలైంది. ఇవ్వకపోతే శిక్ష లేదు. అయినా చెట్టు అక్షరాలకూ దాన్ని కాపాడినవాళ్లకూ సంబంధం ఉందని ప్రపంచం ఒక కాగితం మీద ఒప్పుకోవడం చిన్న విషయమేమీ కాదు.

మరి జీనోమ్ చదవడమే తప్పా? కాదని మా అభిప్రాయం. పడిగెను డోలీ చదివితేనే గట్టు చరిత్ర బతుకుతుంది, మూసిపెడితే చెదలు తింటాయి. కానీ పడిగెను ఎప్పుడుపడితే అప్పుడు, ఎవరికిపడితే వాళ్లకు విప్పరు. వేల్పుల కొలుపు ఉండాలి, గట్టు పెద్దలు ఉండాలి. మామిడి కొత్త చెయ్యకుండా కొత్త మామిడికాయ ముట్టని ఆచారం కూడా అలాంటిదే. మామిడి మనకు చెందదని కాదు ఆ ఆగడం. తీసుకునే ముందు ఒక పూట ఆగి, అందరూ కూడి, అడిగి తీసుకోవడం. ఈ ఆచారంలో శాస్త్రం కూడా ఉంది, కాయ ముదిరేదాకా ఆగుతాం అని కొందరు చెబుతారు. ఉండవచ్చు. కానీ మాకు అందులో ఎక్కువగా కనిపించేది మర్యాద. ప్రయోగశాలల మీద మన ఫిర్యాదు చదివారని కాదు. ఆగలేదని, అడగలేదని.

మన వైపు కూడా చూసుకోవాలి. మా తాతలకు అన్నీ తెలుసు, శాస్త్రవేత్తలు కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు అనే మాట యువకుల నోట తరచూ వింటున్నాం. తాతలకు వేప చేదు పురుగును ఆపుతుందని తెలుసు. వేపకు నారింజ దాయాది అని తెలియదు. అది తెలియడం వాళ్లకు అవమానం కాదు, మనకు లాభం. ఇంకో సంగతి, అన్నీ తెలుసు అనే మనలో ఎందరికి ఇప్పుడు తెలుసు? మన పిల్లలు అయిదో ఏట ఆశ్రమ పాఠశాల హాస్టల్‌కు వస్తారు. పండ్లు రాలే వేసవి సెలవుల్లో తప్ప అడవి వాళ్లకు దొరకదు. పేటెంట్ ఎవరో దొంగిలించారని కోపపడే కుర్రాడు సోమిడ చెట్టును చూపించమంటే చూపించలేడు. మాది అనేవాడికి అది తెలిసి ఉండాలి. టీచర్లం మనమే బడిలో ఆ సందు చేసివ్వాలి, సిలబస్ అడ్డం అనకుండా.

2021లో తెలంగాణ అంతటా వేపచెట్లు కొసల నుంచి మాడిపోయాయి. ఆకులు గోధుమరంగు తిరిగి, కొమ్మలకు కొమ్మలు ఎండాయి. అమ్మవారికి కోపం వచ్చిందని కొన్ని ఊళ్లలో భయపడ్డారు. టీ దోమ అనే రసం పీల్చే పురుగు, ఫొమాప్సిస్ అనే శిలీంధ్రం కలిసి చేసిన పని అని వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు చెప్పారు. మిడతల దండు ముట్టని చెట్టును ఒక చిన్న పురుగు, ఒక బూజు పట్టుకున్నాయి. చేదు పాతదే, దాన్ని దాటడం నేర్చినవాళ్లు మాత్రం వచ్చారు. పరిణామం పూర్తయిపోయిన కథ కాదని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే పాఠం ఉండదు. ఆ తర్వాత చాలా చెట్లు మళ్లీ చిగిర్చాయి. అన్నీ ఒకేసారి చిగిర్చలేదు. ఒకే వీధిలో ఒకటి నెలలోనే పచ్చబడితే ఇంకొకటి ఏడాదికి గానీ తేరుకోలేదు. ఆ తేడాలో కొంత నేలదీ నీటిదీ అయితే కొంత చెట్టు లోపలి అక్షరాలది కావచ్చు. కంప్యూటర్‌లో ఉన్న జీనోమ్‌కు ఈ తేడా తెలియదు. ఊళ్లో నిలబడిన వేల చెట్లకే తెలుసు. అక్షరాలను కంప్యూటర్‌లో ఎన్నాళ్లయినా దాచవచ్చు, వేపగింజను దాచలేం. కొన్ని వారాలు దాటితే మొలకెత్తే గుణం పోతూ వస్తుంది. రాలిన ఏడే నాటాలి.

ఏ చెట్టు ముందు చిగిర్చిందో, దేనికి ఏటేటా కాయ బాగా పడుతుందో, దేని ఆకు మరీ చేదో మన ముసలివాళ్లకు చెట్టుచెట్టుకూ తెలుసు. రేపు తెగులుకు తట్టుకునే వేప కావాలని వెతికే శాస్త్రవేత్తకు ముందుగా కావలసింది ఆ సమాచారమే. ఇది ఇంకా ఏ గ్రంథంలోకీ ఎక్కలేదు, ఏ కంప్యూటర్‌లోకీ వెళ్లలేదు. వచ్చే వేసవి సెలవుల్లో పిల్లలతో ఊరికొక నోటుపుస్తకం పెట్టించవచ్చు. చెట్టు ఎక్కడ ఉంది, ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు అని మొదటి మూడు గడులు. జీవవైవిధ్య చట్టం కింద ఊరికి ఉండాల్సిన ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్‌లోకి ఇందులోంచి ఏది ఎక్కించాలి, ఏది ఎక్కించకూడదు అనేది గ్రామసభలో చెప్పినవాళ్ల ఎదుటే తేల్చాలి, తేల్చిన మాట మినిట్స్‌లో రాయించాలి. చెప్పడానికి ఇష్టపడని పెద్దల గడి ఖాళీగానే ఉండనివ్వాలి.